గడప దాటిన చీమలు

పొద్దున్నే లేచి పాష్కు చేసే పనులు మూడే. మూడు రాళ్ల పొయ్యి ఊదడం, పెనం మీద మొక్కజొన్న రొట్టెలు కాల్చడం, ఆ తర్వాత గుమ్మం బయట బల్ల మీద కూర్చున్న జనానికి నాడి చూడడం. కొండ మీది యాష్‌నాబ్ ఊళ్లో వైద్యం ఆవిడదే. మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంటే చాలు, వీడు ఫలానా వాగు దాటుతూ జడుసుకున్నాడనో, ఫలానా దాని కళ్లు పడ్డాయనో ఇట్టే చెప్పేస్తుంది. చెప్పి, దానికి ఎన్ని కొవ్వొత్తులు, ఏ రంగు కోడి, ఎన్ని నల్ల సీసాలు కావాలో తేలుస్తుంది.

నల్ల సీసా అంటే మరేం కాదు, కూల్‌డ్రింకు. పాష్కు అమ్మమ్మ రోజుల్లో అది లేదు. నలభై ఏళ్ల కిందట లారీ ఎక్కి కొండకొచ్చింది. తాగితే గట్టిగా తేన్పు వస్తుంది, తేన్పుతో పాటు ఒంట్లో దూరిన చెడు కూడా బయటికి పోతుంది. ఇంతకన్నా సులువైన వైద్యం ఎవరికి చేదు? అప్పట్నుంచీ జబ్బుకి సీసా, పెళ్లి మాటలకి సీసా, తగువు తీరితే సీసా, చంటిది ఏడిస్తే పాలపీకలో కూడా అదే. రోగి మూడు సీసాలు తాగితే వైద్యం చేసిన మనిషి ఒకటి తాగాలి, అది మర్యాద. పాష్కు నలభై ఏళ్లుగా ఆ మర్యాద తప్పలేదు.

ఇక చీమలు. ఒంట్లో చక్కెర ఎక్కువైన మనిషి వెనకాల చీమల బారు నడవడం ఆ ఊళ్లో మామూలే. మనిషి సంతకెళితే సంతకి, గుడికెళితే గుడికి వెళతాయి. వ్యాను డ్రైవరు "చీమలున్నవాళ్లు వెనక సీటు" అని కేకేసి, చివరి చీమ ఎక్కేదాకా బండి కదపడు. దారిలో బారు అడ్డొస్తే ఎవరివో కనుక్కుని పక్కనుంచి దాటుకుంటారు గానీ తొక్కరు. ఎర్రగా, చిన్నగా ఉంటాయి. కుట్టవు. ఎంతమంది కాళ్ల మీద పాకినా ఒక్కరినీ కుట్టిన పాపాన పోలేదని ఊరంతా ఒకటే మాట.

కుట్టకపోయినా వాటి పద్ధతి వాటికుంది. ముందు గడప దగ్గర ఆగుతాయి. కొన్నాళ్లకి గడప దాటుతాయి. ఆ తర్వాత పడుకునే చాప దాకా వస్తాయి. చివరికి కాళ్లెక్కుతాయి. అవి కాళ్లెక్కిన మనిషికి ఏడాది తిరక్కుండా కాలో, కన్నో పోతుంది. పూలతోట మాన్వెల్ ముసలాయన శవపెట్టె ముందు దారి తీసింది ఆ చీమలే.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున, పాష్కు కోడలు రోషా మొక్కజొన్నలు కడగడానికి గిన్నె తీసుకుని బయటికి రాబోయి గడప దగ్గరే నిలబడిపోయింది. చేతిలో గిన్నె జారి గింజలన్నీ ముంగిట్లో చిందాయి. పాష్కు వచ్చి చూస్తే గడపకి అవతల ఎర్రటి గీత గీసినట్టు చీమలు బారు తీరి ఉన్నాయి.

ఇంట్లో ఉన్నది ముగ్గురు. పాష్కు, కొడుకు శాలిక్, కోడలు. రోషాకి నాలుగో నెల.

ఎవరి కోసమొచ్చాయో ఎవరూ నోరు తెరిచి అడగలేదు. అడగక్కర్లేదు. రెండేళ్ల కిందట రోషా మొదటి కాన్పప్పుడు కూడా ఏడో నెలలో ఇలాగే వచ్చాయి. అప్పుడు పాష్కు కోడల్ని కాపాడుకోవాలని పన్నెండుసార్లు వైద్యం చేసింది. పిల్లాడు పుట్టాడు. ఎంత బొద్దుగా ఉన్నాడో అని చూసినవాళ్లంతా మురిసిపోయారు. సాయంత్రానికి వాడి ఊపిరి ఆగిపోయింది. పక్కూరి ఆస్పత్రి నర్సు తల్లి నెత్తుట్లో చక్కెర అంది. ఊళ్లోవాళ్లు దిష్టి అన్నారు. పన్నెండు చాలలేదేమో అని పాష్కు మాత్రం రెండేళ్లుగా లోపల్లోపల కుళ్లిపోయింది.

ఈసారి ఇరవై చేద్దామనుకుంది.

రోషా గింజలు ఏరుకుంటూ తలెత్తకుండానే అడిగింది.

"అత్తా, ఇది కూడా పోతుందా?"

"నోర్ముయ్. నేనుండగా ఎలా పోతుంది?" అంది పాష్కు. అంది గానీ ఆవిడ గొంతు ఆవిడకే వేరేవాళ్ల గొంతులా వినిపించింది.

ఆ వారమే వైద్యం మొదలుపెట్టింది. ఇంట్లోనే నేల మీద దేవదారు ఆకులు పరిచి, కొవ్వొత్తులు వరసగా నిలబెట్టి, రోషాని కూర్చోబెట్టి సీసా మూత తీసింది. రోషా పాపం ఒక్క గుక్క కూడా మిగల్చకుండా తాగేది. పిల్ల కోసం విషమైనా తాగేలా ఉంది. మూడో సీసాకి తేన్పొచ్చేది, అత్తాకోడళ్లిద్దరూ హమ్మయ్య అనుకునేవాళ్లు. మర్నాడు లేచి చూస్తే చీమల బారు ఇంకాస్త లావయ్యేది. బారు లావైతే పాష్కుకి భయం, భయం వేస్తే ఇంకో వైద్యం, వైద్యమంటే ఇంకో మూడు సీసాలు. ఐదో నెల వచ్చేసరికి చీమలు గడప దాటాయి.

ఆ రోజు నుంచి రోషా చాప మీద పడుకోవడం మానేసింది. గోడకి ఆనుకుని కూర్చుని, కాళ్లు పొట్టలోకి ముడుచుకుని నేలకేసి చూస్తుండేది. శాలిక్ పూలబండి పని నుంచి రాగానే ముందు పెళ్లాం మొహం కాదు, ఆమె చాప చుట్టూ చూసేవాడు. ముగ్గురూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవడానికి జంకేవాళ్లు.

సరిగ్గా అప్పుడే కింద రోడ్డు మూసేశారు. రెండూళ్ల మధ్య పొలం గట్టు తగాదా ముదిరి, ఒక ఊరివాళ్లు చెట్లు నరికి రోడ్డుకడ్డంగా పడేశారు. ఆ కొండల్లో అది కొత్తేమీ కాదు. కూరగాయలు కిందికి పోవు, లారీలు పైకి రావు. మూడో రోజుకి మాతల్ కొట్లో ఒక్క సీసా లేదు.

మాతల్ పాష్కు ఈడుదే. వరసకి మరదలు, నోరు మాత్రం ఊరందరికీ అత్త. ఆమె వెనకాల చీమలు ఒక బారు కాదు, మూడు బార్లు. "పోనీలే, తోడుంటాయి. ఉన్నన్నాళ్లూ మా ఆయన ఇంత నమ్మకంగా వెంట నడిచాడా?" అని నవ్వేది.

సీసాలు లేవు, వైద్యం ఆగింది. తాగడానికి పోసోలే గతైంది. అంటే సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నలు రుబ్బి, ముద్ద చేసి, నీళ్లలో చేత్తో కలిపి తాగే అంబలి. పొలం పనికెళ్లేవాళ్ల తిండని దాన్ని చాలా ఇళ్లల్లో మానేశారు. కూరకి ఏం దొరక్క రోషా పెరట్లో మొలిచిన తోటకూర, గుమ్మడి తీగ కొసలు కోసి నల్ల చిక్కుడు గింజలతో కలిపి ఉడికించింది. సీమవంకాయలు నిప్పుల్లో కాల్చింది. ఆరు రోజులు అదే తిండి, అదే అంబలి.

ఏడో రోజు పొద్దున పాష్కు ఊడుస్తూ ఉన్నట్టుండి చీపురు వదిలేసింది. చాప పక్క దాకా వచ్చిన చీమలు వెనక్కి, పొయ్యి దాకా జరిగాయి. బారు కూడా సగానికి సగం పలచబడింది.

ఆవిడకి సంతోషం వెయ్యలేదు. ఎందుకు తగ్గాయో తనకి తెలుసు, తెలిసిందని ఒప్పుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు. రోడ్డు తెరిచిన రోజే మాతల్ అడక్కుండానే ఆరు సీసాలు పంపింది. పాష్కు రోషాని కూర్చోబెట్టి, పరీక్షించి చూసినట్టు ఒక్కటే తాగించింది. మర్నాటికి చీమలు మళ్లీ చాప అంచుకొచ్చాయి.

పాష్కు పెరట్లోకి పోయి కోళ్ల గూడు వెనకాల చతికిలబడింది. పన్నెండు వైద్యాలు. ఒక్కోదానికి మూడు సీసాలు. ముప్పై ఆరు సీసాలు తన చేత్తోనే మూత తీసి, తన చేత్తోనే ఆ పిల్ల నోటికి అందించింది. దిష్టీ కాదు, దెయ్యమూ కాదు. నోట్లో కొంగు కుక్కుకుని, కోడలికి వినబడకుండా చాలాసేపు ఏడ్చింది.

అలాగని వైద్యం మానేస్తే కుదరదు. ఏడో నెలలో కడుపుతో ఉన్న మనిషికి గుళ్లో వైద్యం జరిగి తీరాలి. తేన్పు రావాలి, చెడు పోవాలి, ప్రాణానికి మారుగా ఒక కోడిని ఇవ్వాలి. సీసా లేకుండా తేన్పు రాకపోతే? గుళ్లో కొలువైన సెయింట్లకి కోపమొస్తే? నలభై ఏళ్లుగా చేసిందంతా తప్పని తన నోటితో తానే చెప్పినట్టు కాదూ? వైద్యురాలికి మతి పోయిందని ఊరంతా అంటుంది. అన్నిటికన్నా, తన లెక్క తప్పై పిల్ల పోతే? పాష్కుకి తిండి సయించలేదు. చివరికి అమ్మమ్మ గుర్తొచ్చింది. సీసాలు రాకముందు అమ్మమ్మ కూడా తేన్పులు తెప్పించేది. పోసోల్ ముద్దని అరిటాకులో చుట్టి మూడు రోజులు పులియబెట్టేది. ముక్కుపుటాలు అదిరేంత పులుపు.

ఏడో నెల మూడో ఆదివారం గుడి నిండా జనం. నేలంతా పచ్చటి దేవదారు ఆకులు, సాంబ్రాణి పొగ, అద్దాల పెట్టెల్లో సెయింట్లు. రోషా మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె వెనకాల చీమల బారు ఆకుల మధ్య నుంచి ఎర్రగా కనబడుతోంది. ఇంకో జానెడు వస్తే పాదాలే. పాష్కు కొవ్వొత్తులు నిలబెట్టి, బుట్టలోంచి సీసాకి బదులు మట్టికుండ బయటికి తీసింది. గుళ్లో గుసగుసలు మొదలయ్యాయి.

"ఏంటి వదినా, సెయింట్లకి చద్దంబలి పోస్తున్నావా?" మాతల్ పక్కనుంచి గొణిగింది. "నా కొట్టు మీద కోపమైతే నాతో తేల్చుకో, పిల్ల ప్రాణాల మీదికి తేకు."

పాష్కు ముంతతో పులిసిన అంబలి ముంచి ఇచ్చింది. రోషా తాగింది. ఏమీ లేదు. రెండో ముంత. ఏమీ లేదు. జనం ప్రార్థనలు ఆపి మరీ చూస్తున్నారు. మూడో ముంత తాగి రోషా అత్త మొహంలోకి చూసింది. ఆ చూపులో ఉన్నది అపనమ్మకం కాదు, భయం. ఒక చేత్తో పొట్ట పట్టుకుంది.

పాష్కు కోడిని పైకెత్తి మారు అడిగింది. కోడిని తీసుకుని పిల్లని వదలమని బతిమాలింది. చీమలు కోడి వైపు తిరిగి కూడా చూడలేదు. బెత్తెడు ముందుకు జరిగాయి. పాష్కు కోడిని వదిలేసి, నుదురు నేలకానించి, రోషాకి తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా అంది.

"పోసింది నేను. మూత తీసింది నేను. మారు కావాలంటే నన్ను తీసుకోండి."

ఆమె తలెత్తేలోపే రోషా కడుపులోంచి తేన్పొచ్చింది. అలాంటిలాంటి తేన్పు కాదు, మేకపోతు అరిచినట్టు గుడంతా మారుమోగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మాతల్ శిలువ గీసుకుంది. చీమలు ఆగిపోయాయి. కాసేపు అక్కడక్కడే తిరిగి, తర్వాత బారుగా పక్కకి మళ్లి, ఆకుల మీదుగా వచ్చి పాష్కు ఉన్ని లంగా కిందికి దూరాయి. అవి కాళ్లెక్కుతున్నా పాష్కుకి ఏమీ తెలియలేదు. భయంతో కాళ్లు తిమ్మిరెక్కాయేమో అనుకుంది.

ఆ తర్వాత రోషా సీసా ముట్టలేదు. పొద్దున పోసోల్, మధ్యాహ్నం చిక్కుళ్లు, ఏదో ఒక ఆకుకూర, మధ్యమధ్యలో వేయించిన గుమ్మడి గింజలు. నెలకోసారి శాలిక్ ఆస్పత్రికి తీసుకెళ్లి నెత్తురు చూపించాడు. నొప్పులు మొదలైన రోజు వ్యాను డ్రైవరు అలవాటుగా "చీమలు ఎక్కాయా?" అని అడిగాడు. మావాళ్లకి లేవని శాలిక్ గట్టిగా చెప్పాడు. పాష్కు మాత్రం పోయి వెనక సీట్లో కూర్చుంది. నొప్పుల మధ్యలో కూడా రోషా తల తిప్పి అటు చూసింది.

ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా లేదు, మామూలుగా ఉంది. సాయంత్రమైంది, రాత్రైంది, తెల్లారింది. ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు వింటూ పాష్కు ఆస్పత్రి వరండాలో దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టుకుంది.

పిల్లకి రెండో నెల రాగానే అసలు సంగతి బయటపడింది. ఒక పొద్దున పాష్కు రొట్టెలు కాలుస్తోంది. రోషా పిల్లని వీపున కట్టుకుని లోపలికొస్తూ ముక్కు చిట్లించింది. ఏదో కాలుతున్న వాసన. రొట్టె కాదు.

"అత్తా! కాలు!"

పొయ్యిలోంచి జారిన నిప్పు పాష్కు పాదానికి ఆనుకుని ఉంది. చర్మం కమిలి బొబ్బలెక్కుతోంది. పాష్కు రొట్టె తిరగేస్తూ "ఏంటే?" అంది. కిందికి చూసి, తన కాలే అని గుర్తుపట్టడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. బొబ్బ చుట్టూ చీమలు గుమిగూడి ఉన్నాయి.

ఆస్పత్రిలో కట్టు కట్టి, ఇది మానకుండా పైకి పాకితే పాదం తీసెయ్యాల్సి వస్తుందని చెప్పారు. ఇంటికొచ్చాక రోషా పాష్కు ముందు కూలబడింది. గుళ్లో అన్న మాట తను విన్నానంది. తన కోసం అత్త కాలు పోతోందని వెక్కిళ్లు పెట్టింది.

"నీ కోసం కాదే పిచ్చిదానా," అంది పాష్కు. "ఎన్నేళ్లుగానో నా లంగా దులిపినప్పుడల్లా చచ్చిన చీమలు రాలేవి. ఎక్కడివో అనుకునేదాన్ని. గడప దాటి వచ్చినవి నీ కోసం ఎన్నో, నా కోసం ఎన్నో ఎవరు చూశారు?"

రోషా ఏడుపు ఆపింది. ఆపాక ఆమెకి కోపమొచ్చింది.

"మరి బల్ల మీద కూర్చునేవాళ్లు ఇచ్చే సీసాలు ఇంకా ఎందుకు తాగుతున్నావ్? నా ఒక్కదానికేనా అంబలి?"

"మర్యాదే. ఇచ్చింది కాదంటే..."

"కాలు పోయాక ఆ మర్యాద వచ్చి నిన్ను మోస్తుందా?"

పాష్కు ఒంట్లో ఉన్నదంతా భయమే. ఇన్నాళ్లూ కోడలి కోసం, పిల్ల కోసం పడ్డ భయానికి ఓ దారుండేది. తన కాలు తనకి తెలియకపోవడం వేరే రకం భయం. స్నానం చేస్తూ పాదాన్ని చేత్తో పట్టుకుంటే అది ఎవరిదో అనిపించేది. కళ్లు మూసుకుంటే అసలు కాలున్నట్టే ఉండేది కాదు.

మర్నాటి నుంచి రోషా పోసోల్ కుండతో గుమ్మంలో కూర్చుంది. సీసా తెచ్చినవాళ్ల సీసా పక్కన పెట్టి ముంత చేతికిచ్చేది. రోగికి మూడు ముంతలు, వైద్యురాలికి ఒకటి. కొందరు మొహం చిట్లించారు, ఇద్దరు లేచి వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు తాగారు. తేన్పులు మాత్రం బాగానే వచ్చాయి. మాతల్ రోజూ వచ్చి బల్ల చివర కూర్చుని ఒక్క చుక్క ముట్టకుండా అందరినీ వెక్కిరించేది. రోషా రోజూ అత్త కట్టు విప్పి, కడిగి, కొత్త గుడ్డ చుట్టేది. అత్త పళ్లెంలో ఆకుకూర ముందు, రొట్టె తర్వాత. పుండు ఒక వారం ఎర్రబడేది, ఒక వారం తగ్గేది. చీమలు మాత్రం కదల్లేదు. నాలుగు నెలలు అలాగే గడిచాయి.

చలికాలం పోయాక ఒక పొద్దున పాష్కు ఎండలో కాళ్లు చాపుకుని మనవరాలిని ఒళ్లో వేసుకుని కూర్చుంది. పుండు మాని పొలుసు కట్టింది. బల్ల మీద నలుగురున్నారు. చివర్లో మాతల్ ఎవరి పెళ్లి సంగతో చేతులు తిప్పుతూ చెబుతోంది.

పాష్కు ఒక్కసారిగా కాలు వెనక్కి లాక్కుంది. "అబ్బా!"

రోషా కుండ వదిలేసి పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది అత్తా? ఏమైంది?"

"కుట్టింది."

"ఏది?"

పాష్కు బొటనవేలి పక్కన చిన్న ఎర్రటి దద్దురు. దాని పక్కనే ఒక చీమ.

"ఇవి కుట్టవు కదత్తా," అంది రోషా.

పాష్కు దద్దురు మీద వేలు పెట్టి నొక్కింది. మంట. సన్నగా, సూదిలా, నిజమైన మంట. మళ్లీ నొక్కింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదాల మీదికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. పూలతోట మాన్వెల్ గుర్తొచ్చాడు. అలాగే పోయిన తన తల్లి గుర్తొచ్చింది. చీమలు కాళ్లెక్కాక "ఇవి పాపం కుట్టవమ్మా" అని చెప్పినవాళ్లందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

"ఎప్పుడూ కుడుతూనే ఉన్నాయే," అంది మెల్లగా. "మనవాళ్లకే తెలీలేదు."

అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి బల్ల చివరికి చూశారు. మాతల్ మడమల మీద మూడు బార్లూ కలిసి ఎర్రగా ముసురుకుని ఉన్నాయి. అక్కడక్కడా దద్దుర్లు. ఆవిడ అదేమీ ఎరగకుండా పెళ్లికొడుకు ముక్కు గురించి చెబుతూ తనే పడీపడీ నవ్వుతోంది.

పాష్కు పిల్లని రోషా చేతికిచ్చింది. కుట్టిన కాలిని నేలకి గట్టిగా ఆనించి లేచి, ముంత నిండా పోసోల్ ముంచుకుని మాతల్ దగ్గరికి నడిచింది.